ఎదురుగాలి

"పదకొండింటి ఫ్లైట్‌కి మీ అక్కని చిలకకి అప్పజెప్పాలి. అంతే నీ మిషన్," అన్నాడు చీఫ్.

ఏజెంట్ డేగ ఉలిక్కిపడి చూశాడు. శత్రు ముఠా సీక్రెట్ కోడ్‌ని విప్పిన ఏకైక నిపుణురాలు అతని అక్క. ఆమెను ఎత్తుకుపోవాలని ఆ ముఠా ఏడాదిగా కాచుకు కూర్చుంది, అందుకే ఆమెను విదేశంలో దాచాలి. చిలక తమ ఏజెంటే. తూర్పున ఏడువేల ఎనిమిది వందల కిలోమీటర్ల అవతలి నగరం నుంచి ఏడాదికి నాలుగుసార్లు వచ్చిపోతుంది గానీ, ఆఫీసు గడప తొక్కదు.

"ఫొటో?"

"లేదు. కోడ్‌వర్డ్ ఉంది."

రెండు ముక్కల కోడ్‌వర్డ్‌ని నమ్మి తోడబుట్టినదాన్ని పంపాలట! డేగకి ఒళ్ళు మండింది.

పదిన్నరకల్లా డిపార్చర్ గేటు దగ్గర ఖాకీ యూనిఫాంలో, అతికించిన మీసంతో నేల తుడుస్తున్నాడు డేగ. తుడుపుకర్ర పిడిలో మత్తుసూది గన్ ఉంది. అక్క ఓ మూల కూర్చుని, తమ్ముడెవరో ఎరగనట్టు పుస్తకం తిప్పుతోంది.

చిలక వచ్చింది. ఎర్ర కోటు, నల్ల కళ్ళద్దాలు. క్యూలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు.

"ఈ కిటికీ తెరుచుకుంటుందా?" అని డేగని అడిగింది.

"వాన వెలిశాక తెరుస్తాం."

కోడ్ సరిపోయింది. అయినా డేగ మనసు పీకుతూనే ఉంది.

"ప్రయాణం బాగా జరిగిందా మేడమ్?"

"ఎనిమిది గంటల నలభై నిమిషాలు. నడుం విరిగింది."

"తిరిగెళ్ళేటప్పుడు కూడా అంతేనా?"

"దూరం మారుతుందా ఏంటి? అటైనా ఇటైనా అంతే. ఎన్నిసార్లు తిరగలేదూ!"

డేగ చేతిలో తుడుపుకర్ర ఆగిపోయింది. ఈ ఉద్యోగంలో చేరకముందు ఆరేళ్ళు ఫ్లైట్ డిస్పాచర్‌గా పనిచేసి, ఇదే దారికి ఇంధనం లెక్కలు కట్టినవాడు. విమానాలు ఎగిరే ఎత్తులో గాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. అటు వెళ్ళే విమానాన్ని వెనకనుంచి తోస్తుంది కాబట్టి ఎనిమిది గంటలు. ఇటు వచ్చేదానికి ఎదురొస్తుంది, తొమ్మిదిన్నరకు తక్కువ కాదు. దూరాన్ని గంటకు తొమ్మిది వందల వేగంతో భాగిస్తే మాత్రం అచ్చంగా ఎనిమిది గంటల నలభై నిమిషాలు! ఈ మహాతల్లి ఆ విమానం ఎక్కనే లేదు, కాగితం మీద లెక్క వేసుకొచ్చింది.

"లాస్ట్ కాల్!"

చిలక అక్క చెయ్యి పట్టుకుని నడిపించింది. ఇద్దరూ గేటు దాటబోతున్నారు. డేగ పిడి నొక్కాడు. ఎర్ర కోటు గుమ్మంలోనే కుప్పకూలింది. జేబులోంచి మందు నింపిన సిరంజి దొర్లింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఇంకొక్క అడుగు వేసుంటే..." అక్క మాట పూర్తి చేయలేకపోయింది. డేగ ఆమెను గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరికీ ఏడుపు ఆగలేదు.

మధ్యాహ్నానికి అసలు చిలక ఓ హోటల్ గదిలో కాళ్ళూ చేతులూ కట్టేసి దొరికింది. కోడ్‌వర్డ్ గురించి తను నోరు విప్పలేదని ఒట్టేసి చెప్పింది.

ఇంటరాగేషన్ గదిలో నకిలీ చిలక కళ్ళు తెరిచింది. "కోడ్ కరెక్ట్‌గానే చెప్పానుగా. ఎక్కడ దొరికిపోయాను?"

డేగ పక్కనున్న చీఫ్ వంక ఓరగా చూశాడు.

"మీవాళ్ళు మా ఆఫీసులో ఎవర్నో కొన్నారు మేడమ్. గాలిని కొనడం మర్చిపోయారు."