జిన్నింగు మిల్లులో ఖాళీ డిస్కు

ఇచ్చోడ దాటాక హైవే పక్కన మూతపడ్డ జిన్నింగు మిల్లు ఒకటుంది. అక్కడ పత్తి ఆడక ఇరవై ఏళ్లు దాటింది గానీ చెడ్డపేరుకు మాత్రం ఏ లోటూ రాలేదు. ఆ మిల్లులో ఏది పెట్టినా తెల్లారేసరికి ఖాళీ అవుతుందట. నూనె డబ్బా, బియ్యం బస్తా, చివరికి నిండుగా పోసే బోరు కూడా... అలాంటి దెయ్యమైతే మా ఇంటి అటక ఖాళీ చేయడానికి ఒకసారి పిలుద్దామని నేను ఎకసెక్కాలాడేవాణ్ని. నిర్మల్‌లో కంప్యూటర్లు బాగుచేసే పరశురాములు ఈ సంగతి చెప్పిన నాటి నుంచి ఆ మాట అనడం మానేశాను.

చవగ్గా దొరికిందని ఆ మిల్లు ఆఫీసు గదిలో ఒక సేవాసంఘం రక్తదాతల జాబితా నడుపుతోంది. చూసుకునేది దేవదాస్ అని యాభై దాటిన మనిషి. పోయిన వానాకాలం ఆయన బిడ్డ జమున కాన్పుకని నిర్మల్‌లో ఆస్పత్రిలో చేరింది. కాన్పయింది గానీ రక్తం ఆగలేదు. ఆమెది బాంబే గ్రూపు, వేలమందిలో ఒక్కరికి ఉంటుంది. తెల్లారేలోగా ఒక్క బాటిలైనా తెమ్మన్నారు డాక్టర్లు.

ఆ గ్రూపు ఉన్నవాళ్ల నంబర్లు మిల్లు కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా లేవు. దేవదాస్ ఫోన్‌లో ఒకే ఒక్కటి ఉంది, ఆ నంబరు మనిషేమో దుబాయ్ పోయి ఏడాదైంది. దేవదాస్ వానలో బండి మీద మిల్లుకు ఉరికాడు. కరెంటు వచ్చి పోయి, వచ్చి పోయి... కంప్యూటర్ లేవనే లేదు. అప్పుడు పరశురాముల్ని పిలిచాడు.

పరశురాములు చేరేసరికి పదకొండున్నర. గదిలో ఇన్వర్టర్ మీద వెలిగే ఒక్క బల్బు. వెనక మిల్లంతా చీకటి, రేకుల మీద వాన.

సంచిలోంచి రికవరీ పెండ్రైవ్ తీశాడు. చచ్చిన కంప్యూటర్ను లేపి లోపలున్నది చూపించే పెండ్రైవ్ అది. పని నేర్పిన గురువు అంతయ్య పోయేముందు తన చేత్తో తయారుచేసి ఇచ్చాడు. ప్రతి దసరాకూ స్క్రూడ్రైవర్లతో పాటు దానికీ పసుపు, కుంకుమ పెట్టి మొక్కుతాడు పరశురాములు. మూడేళ్లుగా దానిలో ఏదీ మార్చలేదు. తుడిచి కొత్తగా రాస్తే గురువు చేతి పని పోతుందని భయం.

పెండ్రైవ్ పెట్టాడు. కంప్యూటర్ లేచింది. ప్రాణం కుదుటపడి డిస్కు తెరిచి చూశాడు...

ఏమీ లేదు.

ఇంకోసారి చూశాడు. ఖాళీ. మిల్లు గురించి విన్నవన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

"ఉన్నదా బిడ్డా?" చెవి పక్కనే గొంతు. ఉలిక్కిపడి తిరిగాడు. దేవదాసే, తడిసిన బట్టలతో వణుకుతున్నాడు.

"ఏం లేదు కాకా... అంతా ఖాళీ ఉంది."

దేవదాస్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. తెర మీద ఒక ప్రశ్న వచ్చి నిలిచింది — డిస్కును మొత్తం తుడిచి కొత్తగా ఫార్మాట్ చేయాలా? చేసి, ఆ తర్వాత పోయినవాటిని వెతుకుదాం, సగమైనా దొరకవా అనుకున్నాడు పరశురాములు. భయంలో బుర్ర పనిచేయలేదు. వేలు ఎంటర్ మీద ఆనింది.

ఆనిన వేలు అక్కడే ఆగింది. పెండ్రైవ్ మీద కుంకుమ కింద అంతయ్య రాసిన తేదీ కనబడింది. మూడేళ్ల కిందటిది. మొన్న ఎండాకాలంలో ఈ కంప్యూటర్లో కొత్త సాఫ్ట్‌వేర్ వేసింది తనే. డిస్కులో ఫైళ్లు సర్దే పద్ధతిని కూడా కొత్తదానికి మార్చింది తనే. పాత పెండ్రైవ్‌కు ఆ కొత్త సర్దుడు అర్థం కాక, నిండా ఉన్న డిస్కును ఖాళీ అంటోంది!

"నేనే మార్చిన కాకా. గీ పెండ్రైవ్‌కు గా సంగతి తెల్వది. అన్నీ అండ్లనే ఉన్నయ్."

వేలు నొక్కి ఉంటే జమున ఉసురు తనకు తగిలేదని చెబుతూ పరశురాములు ఏడ్చేశాడు నా ముందు.

గదిలో సిగ్నల్ లేదు. ఇద్దరూ గేటు దాకా వెళ్లారు. అక్కడ లాప్‌టాప్‌కు ఫోన్ నెట్ కలిపి, కొత్త సర్దుడు తెలిసిన రికవరీని ఇంకో పెండ్రైవ్‌లోకి ఎక్కించేసరికి గంట పట్టింది. ఆ గంటసేపూ ఇద్దరిలో ఒక్కరు కూడా వెనక్కి తిరిగి గది కిటికీ వైపు చూడలేదు.

ఒంటిగంట దాటాక కొత్త పెండ్రైవ్ పెట్టారు. జాబితా మొత్తం కళ్ల ముందు తెరుచుకుంది. దగ్గరలో ఉన్నది ఒక్కడే, చొప్పదండి మల్లన్న. గేటు దగ్గరికి ఉరికి ఫోన్ చేశారు. ఆయన భార్య కొమురవ్వ ఎత్తింది. దేవదాస్ గబగబా బతిమాలబోతే ఆమె మధ్యలోనే అందుకుంది.

"ఆయన ఎప్పుడో ఎల్లిండయ్యా. మిల్లు నుంచి ఫోన్ జేసి మీరే చెప్తిరి గదా."

"ఎప్పుడవ్వా?" అన్నాడు పరశురాములు. ఫోన్ తన చేతిలోకి తీసుకున్నాడు.

"పన్నెండు దాటింది. జమున అని పొల్ల పేరు సుత చెప్పిండ్రు."

పన్నెండు దాటాక ఆ ఇద్దరూ గేటు దగ్గరున్నారు. ఆ నంబరు అప్పటికింకా ఎవరి కంటా పడలేదు.

మల్లన్న మూడింటికల్లా ఆస్పత్రి చేరి రక్తమిచ్చాడు. జమున బతికింది. పొద్దున కొమురవ్వ ఇంట్లో ఉన్న ఆ ఫోన్ పట్టుకుని ఆస్పత్రికి వస్తే, పరశురాములు అడిగి చూశాడు. పన్నెండూ పదికి వచ్చిన కాల్ ఉంది, తెలియని నంబరు. మళ్లీ దానికే చేద్దామని వేలు పెట్టబోతే దేవదాస్ చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు బిడ్డా. ఎవ్వరైతేంది... నా బిడ్డను నాకిచ్చిండ్రు."

ఆ నంబరుకు ఇప్పటిదాకా ఎవరూ ఫోన్ చేయలేదు.