వదులు మూతలు

దినదర్శి ఇంట్లో అడుగుపెట్టి అప్పటికి గంట దాటింది. హాలులో ముక్కాలిపీట మీద, అంచుకి లేసు అల్లిన తెల్లగుడ్డ పరిచి, దాని మీద కూర్చోబెట్టారు. చూడటానికి మూతపెట్టిన ఇత్తడి చెంబులా ఉంటుంది. మెడ చుట్టూ సన్నటి నీలి వెలుగు నెమ్మదిగా తిరుగుతుంది. ఆ వెలుగుకి గోడలు అడ్డం కావు. మనిషి ఇంట్లో ఏ మూల ఉన్నా, కీలు ఎంత వంగిందో, కండ ఎంత బిగిసిందో, ఊపిరి ఎక్కడ ఆగి మళ్ళీ సాగిందో చూసి రాసుకుంటుంది. పొద్దున్న ఆరింటికి మొదలై సాయంత్రం ఆరింటికి ఆగుతుంది. మొహం చూడదు, మాట వినదు. చూడకూడదనీ వినకూడదనీ చట్టం.

"బొట్టొక్కటే తక్కువ దీనికి," అంది చిట్టెమ్మ ఆ గుడ్డనీ పీటనీ చూసి.

"నెమ్మదిగా మాట్లాడవే. ఇంటికొచ్చినవాళ్ళ ముందు ఏమిటా మాటలు?" అంది తల్లి జోషిత, వంటింట్లోంచి.

"వాళ్ళేమిటమ్మా, అది యంత్రం!"

"యంత్రమైతే మాత్రం? మనింటికొచ్చింది కదా."

జోషితకి యాభై నాలుగేళ్ళు. ఆమె పుట్టినప్పుడు వీధికో జోషిత ఉండేది. ఇప్పుడు ఆ పేరు వింటే బామ్మల పేరని పిల్లలు నవ్వుతారు. కూతురి కాలానికి పాత పేర్లే కొత్తవయ్యాయి. చిట్టెమ్మ క్లాసులో ముగ్గురు చిట్టెమ్మలు, ఇద్దరు కోటయ్యలు ఉండేవారు.

పెడనలో కలంకారీ అద్దకం ఇంకా చేత్తోనే చేస్తారు. ముప్పై ఏళ్ళు అద్దకం బల్ల ముందు నిలబడి, చెక్క అచ్చులని పిడికిలితో గుద్దిన చేతులు జోషితవి. నాలుగేళ్ళ క్రితం, భర్త పోయిన ఏడే, కీళ్ళవాతం మొదలై ఆ చేతుల్ని పట్టుకుంది. పొద్దున్న లేవగానే వేళ్ళు ముడుచుకుపోయి ఉంటాయి. మధ్యాహ్నానికి కాస్త తెరుచుకుంటాయి. సాయంత్రం ఎలా ఉంటాయో ఏ రోజుకారోజే తెలియాలి. ఇన్నాళ్ళూ తల దువ్వడం, జాకెట్టు గుండీలు పెట్టడం, ముద్ద కలపడం అన్నీ చిట్టెమ్మే చూసుకుంటూ వచ్చింది. ఇప్పుడు చిట్టెమ్మకి విశాఖలో, సముద్రపు అలల నుంచి కరెంటు తీసే చదువులో సీటు వచ్చింది. పన్నెండు రోజుల్లో చేరాలి. దినదర్శి నలభై శాతం ఇబ్బంది చూపిస్తే తల్లికి తోడుగంటలు మంజూరవుతాయి. అంటే రోజూ పొద్దున్న ఒక మనిషి ఇంటికి వచ్చి చేతిసాయం చేస్తుంది. మంజూరు కాకపోతే తాను వెళ్ళనని చిట్టెమ్మ తేల్చి చెప్పింది.

జోషిత అమ్మమ్మ కాలంలో దీనికి ఆసుపత్రి దగ్గర వరసలో నిలబడాల్సి వచ్చేదట. డాక్టరు రెండు నిమిషాలు చూసేవాడు. చెయ్యెత్తు, దించు, తర్వాతివాళ్ళని పంపు. నడవలేనివాళ్ళు నడిచి వెళ్ళి, నడవలేమని చెప్పుకునేవారు. చెప్పినా నమ్మేవారు కాదు. దినదర్శి వచ్చాక ఆ బాధ పోయింది. ఎవరూ ఎవరి ముందూ తన అవిటితనాన్ని చూపించి ఒప్పించనక్కర్లేదు. మామూలు రోజు ఒకటి మామూలుగా గడిపితే చాలు. మిగతాది అదే చూసుకుంటుంది. ముప్పై ఏళ్ళుగా దాన్ని తప్పుపట్టినవాళ్ళు చాలా అరుదు.

అయితే చుట్టం వచ్చిన రోజు మామూలు రోజు ఎలా అవుతుంది?

ముందు రోజు సాయంత్రం జోషిత ఇల్లంతా కడిగించింది. కూరలు తరిగించింది. చేగోడీలు చేయించింది. పప్పుల డబ్బాలు, ఉప్పు జాడీ, కాఫీపొడి డబ్బా, చేగోడీల డబ్బా, అన్నింటి మూతలూ కూతురిచేత వదులు చేయించింది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, వేణ్ణీళ్ళ గిన్నెలో చేతులు పెట్టుకుని గంటన్నర కూర్చుంది. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ దాచుకునే నొప్పి బిళ్ళ వేసుకుంది. ఆరింటికి నీలి వెలుగు తిరగడం మొదలయ్యేసరికి ఇస్త్రీ చీర కట్టుకుని కాఫీ కలుపుతోంది.

"అమ్మా, కూర్చో. నేను చేస్తాగా."

"నువ్వూరుకో. చూసేవాళ్ళు ఏమనుకుంటారు, ఆడపిల్లచేత చాకిరీ చేయిస్తోందనుకోరూ?"

ఆ పూట ఆమె పెసరట్లు పోసింది. తులసికోటకి నీళ్ళు పోసింది. మధ్యాహ్నం ఒక్క క్షణం కూడా నడుం వాల్చలేదు.

సాయంత్రం ఆరింటికి వెలుగు ఆగింది. చెంబు పొట్ట మీద అక్షరాలు మెరిశాయి. "ఇబ్బంది ఇరవై ఎనిమిది శాతం. తోడుగంటలకు అర్హత లేదు."

జోషిత గోడకి ఆనుకుని నెమ్మదిగా కిందకి జారి కూర్చుంది. అప్పటికే వేళ్ళు గోరింటాకు పెట్టుకున్నట్టు ఎర్రగా వాచి ఉన్నాయి.

"చూశావా?" అంది చిట్టెమ్మ, తల్లి చేతులకి తడిగుడ్డ చుడుతూ. "మర్యాద చేశావుగా. మంచి మార్కులే వేసింది."

"ఏడిశావులే," అంది జోషిత. కళ్ళల్లో నీళ్ళు మాత్రం ఆమెకే తిరిగాయి. మరునాడు పొద్దున్న పళ్ళు తోముకునే బ్రష్షు కూడా పట్టుకోలేకపోయింది.

చిట్టెమ్మ చట్టం మొత్తం చదివింది. చివరి పేజీలో ఒక పాత నిబంధన కనిపించింది. దినదర్శి తీర్పు మీద అనుమానం ఉన్నవారు ఒక మనిషిని రమ్మని కోరవచ్చు. దాని పేరు ముఖాముఖి. జిల్లాలో ఎనిమిదేళ్ళుగా ఎవరూ అడగలేదు. చిట్టెమ్మ అడిగింది. బందరు కార్యాలయం నుంచి వారం తర్వాత ఒక సమీక్షకురాలు వస్తుందని జవాబు వచ్చింది. చేరడానికి అప్పటికి నాలుగు రోజులే మిగులుతాయి.

ఆ పొద్దున్న చిట్టెమ్మ తల్లిని బతిమాలింది. "ఈసారైనా ఉన్నదున్నట్టు ఉండమ్మా."

"ఉన్నదున్నట్టంటే? తల దువ్వుకోకుండా, మూలుగుతూ ఎదురెళ్ళనా? అలా నటించడం నాకు రాదు."

"ఇప్పుడు చేస్తున్నదే నటన!"

జోషిత వేణ్ణీళ్ళు పెట్టమంది.

వచ్చినావిడ పేరు హవిష. జోషిత కంటే నాలుగైదేళ్ళు చిన్నది. భుజానికి గుడ్డసంచీ, చేతిలో కాగితాల పుస్తకం, కలం. కాగితం మీద రాసేవాళ్ళని చిట్టెమ్మ అదే మొదటిసారి చూడటం.

"రండి రండి, కూర్చోండి. ఎండన పడి వచ్చారు," అని జోషిత ఎదురెళ్ళింది. నవ్వుతూ రెండు చేతులతో కాఫీ గ్లాసు అందించింది. పళ్ళెంలో చేగోడీలు పెట్టింది.

"చేతులు ఎలా ఉంటున్నాయండీ?" అని అడిగింది హవిష.

"ఏదో, బాగానే ఉంటాయండీ. పర్లేదు."

"పొద్దున్న లేవగానే?"

"కాస్త పట్టేసినట్టుంటాయి. అంతేనండీ."

తలుపు దగ్గర చిట్టెమ్మ కళ్ళు మూసుకుంది. హవిష పుస్తకంలో ఒక్క అక్షరం రాయలేదు. ఒక చేగోడీ నోట్లో వేసుకుంది. నమిలింది. ఇంకొకటి తీసుకుని వేళ్ళతో వంచి చూసింది. అది విరగలేదు, వంగింది.

"ఏమీ అనుకోకండి," అంది. "చేగోడీలు మెత్తబడ్డాయి."

జోషిత మొహం మాడిపోయింది. "మా ఇంట్లో చేగోడీలు మెత్తబడటమా? మా అత్తగారి రోజుల నుంచీ లేదండీ!"

"కాఫీపొడి కూడా తేమ పట్టినట్టుంది. మీ వంటిల్లు ఒకసారి చూడొచ్చా?"

జోషిత రోషంగా లేచి దారి చూపించింది. వంటిల్లు అద్దంలా ఉంది. హవిష అలమర ముందు నిలబడి కాఫీపొడి డబ్బా మూత మీద ఒక వేలు పెట్టింది. మూత జరిగింది. పంచదార డబ్బా మూత కూడా అంతే. కందిపప్పు, చింతపండు, చేగోడీలు, ఏ మూతా బిగించి లేదు. ఉప్పు జాడీలో ఉప్పు చెమ్మగిల్లి ముద్దగా ఉంది.

"ఇంత శుభ్రమైన వంటింట్లో, ఈ బందరు సముద్రపు గాలికి, మూతలు బిగించకుండా ఎందుకు ఉంచారండీ?"

"దినదర్శి వచ్చేముందు, వేణ్ణీళ్ళూ నొప్పి బిళ్ళా చాలవన్నట్టు, నాచేత ఇవీ వదులు చేయించింది," అంది చిట్టెమ్మ. "మళ్ళీ బిగించబోతే వద్దంది. అదింకోసారి వస్తుందేమోనని అనుకున్నా."

"అందుకేనా?" అని హవిష తల్లిని అడిగింది.

జోషిత స్టవ్వు వైపు తిరిగింది. "అందుకు కాదండీ," అంది. "ఇది విశాఖ వెళ్ళాక మూతలు తీసేదెవరు? వదులుగా ఉంటే నేనే తీసుకుంటాగా. ఇప్పట్నుంచీ అలవాటు చేసుకుంటున్నా. అర్హత వచ్చినా రాకపోయినా దీన్ని పంపించాలి కదండీ."

చిట్టెమ్మ వెళ్ళి కాఫీపొడి డబ్బా చేతిలోకి తీసుకుని, మూత బిగించాలో మానాలో తెలియనట్టు అలాగే పట్టుకుంది.

"దినదర్శి మీ చెయ్యి మూత తీయడం చూసింది," అంది హవిష. "ముందు రోజు ఇంకో చెయ్యి దాన్ని వదులు చేసిన సంగతి దానికి తెలియదు. అది అడగదు, మీరు చెప్పరు. నేను అడిగితే బాగానే ఉందంటారు. నేనూ చుట్టాన్నైపోయాను మీకు."

"చుట్టంలా కాక ఇంకెలా చూడమంటారండీ మిమ్మల్ని? అధికారిలాగానా?"

"అమ్మో, అలా అయితే కాఫీతో పాటు టిఫిను కూడా పెడతారు. మీకు అక్కచెల్లెళ్ళున్నారా?"

"ఒక చెల్లెలుంది. గుడివాడలో."

"ఆవిడొస్తే ఏం చేస్తారు?"

జోషితకి నవ్వొచ్చింది. "దానికేం చేస్తానండీ! అదొస్తే మంచం దిగను. నా నొప్పులన్నీ ఏకరువు పెడతా. అది తనవి చెప్తుంది. దాని నడుంనొప్పి కథ ఒక పూట పడుతుంది."

"ఎటునుంచి వస్తుంది ఇంట్లోకి?"

"పెరటి గుమ్మంలోంచి. వీధి తలుపు కొట్టి ఎరగదది."

"అయితే రేపు ఆరింటికి నేనూ పెరట్లోంచి వస్తాను. వేణ్ణీళ్ళు వద్దు, బిళ్ళ వద్దు. మూతలన్నీ చిట్టెమ్మచేత బిగించి ఉంచండి. కాఫీ నేను పెడతాను."

"మీరు పెట్టడమేమిటండీ, బాగుండదు."

"బాగుండక్కర్లేదు," అంది హవిష.

మర్నాడు ఆరింటికి పెరటి తలుపు చప్పుడైంది. కుళాయి దగ్గర చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, హవిష లోపలికి వచ్చింది. జోషిత మంచం మీద ఉంది. అలికిడి వినగానే లేవబోయింది. మోచేతి మీద బరువు ఆనలేదు. మళ్ళీ వెనక్కి పడింది.

"పడుకో అక్కా," అంది హవిష.

అక్కా అని పిలుస్తూ జోషిత గుమ్మం దాటి వచ్చినవాళ్ళు ఈ నాలుగేళ్ళలో లేరు. నొప్పి సంగతి కూతురికి చెబితే చదువు మానేస్తుందని చెప్పలేదు. చెల్లెలు ఫోను చేస్తే, నడుంనొప్పితో కదలలేనిదాన్ని బెంగపెట్టడం ఎందుకని చెప్పలేదు.

"పిడికిలి విడటానికే అరగంట పడుతుంది," అంది పైకప్పు చూస్తూ. "దుప్పటి నా అంతట నేను తీసుకోలేను. దువ్వెన పట్టుకుని నాలుగేళ్ళయింది. స్నానాల గదిలో గడియ పెట్టుకోను, మళ్ళీ తీయలేనేమోనని. పాట పాడుకుంటూ ఉంటాను, లోపల ఉన్నానని దీనికి తెలియాలి కదా."

"పాటలు ఇష్టమనుకున్నానే అమ్మా!" అంది చిట్టెమ్మ గుమ్మంలోంచి.

"నాకు పాటలేమిటే, నా గొంతు విన్నావుగా." ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే చిట్టెమ్మ మొహం అటు తిప్పుకుంది.

హవిష మంచం పట్టె మీద కూర్చుని, ఆ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో వేలూ ఎంతసేపటికి విడుతోందో చూస్తూ రాసింది. రెండు గంటలు కూర్చుంది. కాఫీ తానే కలిపింది. చక్కెర ఎక్కువైంది. జోషిత ఆ సంగతి మొహం మీదే చెప్పింది.

"ఇప్పుడు మీ ఇంటిదాన్నయ్యాను," అంది హవిష సంతోషంగా. వెళ్ళేముందు పుస్తకంలోంచి కాగితం చింపి సంతకం చేసి ఇచ్చింది. రోజుకి మూడు తోడుగంటలు. కారణం అన్నచోట ఇలా రాసి ఉంది. "ఈమెకి చేతులు పనిచేయవు. మర్యాద మాత్రం ఎప్పుడూ పనిచేస్తుంది. దినదర్శి కొలిచింది రెండోదాన్ని."

చిట్టెమ్మ ఆదివారం రైలెక్కింది. సోమవారం పొద్దున్న తోడుగంటల మనిషి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, పేరు నూకాలు. వీధి గుమ్మం ముందు నిలబడి తలుపు కొడుతుంటే, జోషిత మంచం మీంచే కేకేసింది. "పెరట్లోంచి రామ్మా!"

నూకాలు పని చేస్తూ కబుర్లు చెప్పింది. బందరులో ముఖాముఖికి అర్జీలు మొదలయ్యాయట. వాళ్ళ వీధిలో కళ్ళు కనపడని తాతగారు దినదర్శికి ఇల్లంతా తిప్పి చూపించాడట, మా ఇల్లు చూడు బాబూ అని. దానితో అర్హత పోయిందట. ఇప్పుడు ఆయన కూడా మనిషిని పంపమని రాయించాడు. జోషితకి నవ్వూ వచ్చింది, ఆ తాతగారిని ఒకసారి చూడాలనీ అనిపించింది.

తల దువ్వించుకుని వంటింట్లోకి వచ్చాక, అలవాటుకొద్దీ "కూర్చోమ్మా, కాఫీ ఇస్తా," అంది. అలమర వైపు చెయ్యి చాపింది. మూతలన్నీ బిగించి ఉన్నాయి. వెళ్ళేముందు చిట్టెమ్మ కొత్తగా చేగోడీలు చేసి పోసి, ఒక్కో మూతా గట్టిగా తిప్పి మరీ వెళ్ళింది. జోషిత చెయ్యి గాల్లో ఆగింది. కాసేపటికి డబ్బాని మణికట్టుతో నూకాలు వైపు నెట్టింది.

"ఈ మూత కాస్త తియ్యమ్మా."

అంత చిన్న మాటకి తనకి ఇన్నేళ్ళు పట్టిందేమిటా అనుకుంది. నూకాలు మాత్రం అందులో వింతేమీ లేనట్టు తీసి ఇచ్చేసింది.

పది గంటలకి చిట్టెమ్మ ఫోను చేసింది. వెనకాల సముద్రం హోరు వినిపిస్తోంది. "ఎలా ఉన్నావమ్మా? నిజం చెప్పు. బాగానే ఉన్నానని మాత్రం అనకు."

జోషిత, నూకాలు ఎదురుగా పెట్టిన పళ్ళెంలోంచి చేగోడీ ఒకటి రెండు చేతుల మధ్య ఇరికించి తీసి, ఫోను దగ్గరగా వంగి, గట్టిగా కొరికింది.

కరకరమన్న ఆ చప్పుడు విశాఖ దాకా వినిపించింది.