అమావాస్య గీత

లేత్ బెడ్ మీద రీడర్ మూడోసారి పాకుతోంది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, చప్పుడు లేదు, పొగ లేదు. నాగభూషణాచారి స్టూలు మీద కూర్చుని, పెళ్ళిచూపులకొచ్చిన కుర్రాణ్ణి పిల్ల తాత చూసినట్టు, దాన్ని ఎగాదిగా చూస్తున్నాడు.

ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు. విజయవాడ ఆటోనగర్‌లో అందరికీ భూషణం మేస్త్రి. లేత్ ఆయనకంటే పెద్దది. ఇంగ్లండులో పోతపోస్తే ఓడెక్కి మద్రాసులో దిగి, చేతులు మారి మారి ఆయన తండ్రి దగ్గరికి చేరింది. రెండు నెలలుగా మేస్త్రి దాని తుప్పు గీకాడు, గడ్డకట్టిన గ్రీజును కిరసనాయిలుతో కడిగాడు, నాలుగు పొరల రంగు కింద అసలు ఆకుపచ్చ బయటపడేదాకా రుద్దాడు. పాత మోటారూ, తోలు బెల్టూ విప్పి గోడకు వేలాడదీశాడు. కొత్త మోటారు అట్టపెట్టెలో ఎదురుచూస్తోంది. అది బిగించే ముందు లేత్‌కి వెన్నెముకలాంటి ఇనప బెడ్‌ను చదవాలి.

చదవడమేమిటని మీరు అడుగుతారు. మేస్త్రీ అడిగాడు. రీడర్‌ను కనిపెట్టిన బృందంలోని మనిషి, డాక్టర్ ఎస్తేరు, ఓపికగా చెప్పింది.

"ఇనుము పగటి ఎండకి రవ్వంత సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది మేస్త్రిగారూ. ఆ రాకపోకలు లోపల సన్నటి గీతల్లా మిగిలిపోతాయి. రోజుకో గీత. మిషన్ నడిచిన రోజు గీత మందం. నడవని రోజు సన్నం. ఎవరైనా బెడ్‌ని మెలిపెడితే, ఆ రోజు నుంచీ గీతలు వాలిపోతాయి."

"అవి చదివి ఏం చేస్తారు?"

"ఏ చోట ఎంత అరిగిందో, ఎటు వంగిందో కొత్త మోటారుకి నేర్పిస్తాం. బెడ్ కిందికి దిగిన చోట అది ఇనుము కోసే టూల్‌ని అంత పైకి జరుపుతుంది. గోతులు తెలిసిన డ్రైవరు ముందే స్టీరింగ్ తిప్పినట్టు."

అప్పటికే విజయవాడలో ఇనుము చప్పుడు వినబడటం మానేసి చాలాకాలమైంది. వస్తువులన్నీ ప్రింటర్లలో లోహపు పొడి నుంచి పుడుతున్నాయి. పాత మిషన్లలో పరీక్ష నెగ్గినవాటికి సర్టిఫికెట్ ఇచ్చి ఉన్నచోటే ఉంచుతున్నారు, నెగ్గనివి కొలిమికి పోతున్నాయి. మేస్త్రికి పరీక్ష గురించి బెంగలేదు. తన లేత్ తప్పు చెయ్యదని ఆయనకు తెలుసు. "మిషన్ అబద్ధమాడదు, ఆడితే చెయ్యే ఆడాలి" అన్నది ఆయన మాట. ఆ మాట మీదే ముప్ఫయ్యొక్క ఏళ్ళ కిందట తోడబుట్టినవాణ్ణి గడప దాటించాడు. ఆ మాట తప్పైతే ఆయనకు నిలబడటానికి చోటు లేదు.

ఎస్తేరు తెరమీద గీతలు జరుపుతూ ఆగింది. "ఆదివారాలు కూడా పనిచేశారా? కానీ ప్రతి ఇరవై తొమ్మిది, ముప్ఫై రోజులకీ ఒక గీత సన్నగా ఉంది. మోటారుకేమైనా జబ్బుండేదా?"

మేస్త్రి నవ్వాడు. "జబ్బు కాదమ్మా, అమావాస్య. ఆ రోజు మా ఆచార్లం పనిముట్టు ముట్టం. ఇప్పుడంటే ఎవడూ లెక్కచెయ్యట్లేదు గానీ, అప్పట్లో ఆటోనగర్‌లో మా షెడ్లన్నీ తాళాలే."

"మా ఇంట్లో ఆదివారం లాగా అన్నమాట" అని ఆమె కూడా నవ్వి, ఇంకా వెనక్కి వెళ్ళింది. పదివేల గీతలు. పదకొండు వేలు. ఆపైన మూడువందల చిల్లర దగ్గర ఆమె వేలు నిలిచిపోయింది.

"ఇక్కడ పదిహేడు గీతలు వాలి ఉన్నాయి. పదిహేడు రోజులపాటు బెడ్ మెలికపడి ఉంది. మిషన్ వెనకవైపు కుడికాలు కింద ఏదో తేడా. మిషన్‌ని అప్పుడు జరిపారా?"

మేస్త్రి నవ్వు ముఖంమీదే ఎండిపోయింది.

జరిపాడు. కిటికీ పక్కనుంచి వెనక గోడకు. నలుగురు మనుషులు, ఇనప గడ్డపారలు, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పని. కుడికాలు కింద రవ్వంత ఖాళీ కనబడితే నూనెడబ్బా రేకు మడతపెట్టి తోశాడు. తమ్ముడు విరూపాక్షం రసమట్టం తీసుకొచ్చి "ఒకసారి పెట్టి చూద్దాం అన్నా" అన్నాడు. "నా కన్నే రసమట్టంరా" అన్నాడు తను. నలుగురూ మెచ్చుకోలుగా నవ్వారు.

పొట్టి ముక్కలు తిప్పినప్పుడు ఆ మెలిక తెలియలేదు. రెండు వారాల తరవాత ఒక మెట్ట ఊరి మంచినీళ్ళ పంపుకు మూడడుగుల షాఫ్టు, లోపల తిరిగే ఇరుసు, చేసే పని వచ్చింది. దాన్ని లేత్ మీద విరూపాక్షం తిప్పాడు. మధ్యలో మైక్రోమీటరు పట్టుకుని వచ్చి, "అన్నా, చివరికి పోయేసరికి మందంలో తేడా వస్తోంది. బెడ్ చూడాలేమో" అన్నాడు. "బెడ్‌ని అనకు. చెయ్యి చూసుకో. ఎమరీ కాగితం పట్టి ఇచ్చెయ్యి, ఊరు ఎదురుచూస్తోంది" అన్నాడు భూషణం. బిగించిన రెండోరోజుకే పంపు పట్టేసి ఆగిపోయింది. బిందెలతో సహా జనం షెడ్డు ముందుకొచ్చారు. భూషణం అందరిముందూ తమ్ముణ్ణి చెంపమీద కొట్టాడు. "ఇనుము నీ చేతికి అచ్చిరాదు. మళ్ళీ ముట్టుకోకు, ఫో" అన్నాడు.

విరూపాక్షం ముట్టుకోలేదు. ఇరవై ఏళ్ళు లేత్ మీద టర్నింగ్ చేసిన చేతులతో తెనాలి నిమ్మకాయల యార్డులో గోతాలు కుట్టుకుని బతికాడు. కిందటి కార్తీకంలో పోయాడు. జబ్బు సంగతి ముందే తెలిసినా భూషణం వెళ్ళలేదు. పదకొండో రోజున వెళ్ళి, విస్తరి ముందు కూర్చుని, సగం తిని బస్సెక్కాడు.

"ఆ మెలిక నిజమే అనుకుందాం డాక్టరమ్మా" అన్నాడు మేస్త్రి. గొంతులో బింకం ఇంకా మిగిలే ఉంది. "మరి వాణ్ణి పొమ్మన్న మర్నాడు కాక ఆ మర్నాడు, అదే కొలతల షాఫ్టు నేను మళ్ళీ తిప్పాను. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా దారం పట్టినట్టొచ్చింది. అందరికీ చూపించాను. మిషన్‌లో తప్పుంటే నాకెలా వచ్చింది? వాడు వెళ్ళాకే కదా సరిగ్గా వచ్చింది?"

ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా ఆయన దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే. దాన్ని ఆయన తలకింద దిండులా పెట్టుకుని నిద్రపోయాడు.

ఎస్తేరు గీతలను పెద్దవి చేసింది. "మెలిక పదిహేడో రోజుతో ఆగిపోయింది. పద్ధెనిమిదో గీత నిటారుగా ఉంది. ఆ రోజు ఎవరో కాలు కొద్దిగా ఎత్తి, కింద ఏదో మార్చి, మెల్లగా దించారు. మూడు నాలుగుసార్లు సరిచూసుకున్నారు కూడా. మీరు కాదా?"

"నేను కాలు జోలికే పోలేదు."

"అయితే ఇంకెవరో. ఆ రోజు మిషన్ మాత్రం నడవలేదు." ఆమె వేలితో చూపించింది. "చూడండి, ఇది సన్నగీత. మీ అమావాస్య."

"అమావాస్యనాడు ఆటోనగర్‌లో ఎవడు పనిముట్టు..."

మేస్త్రి తల తిప్పి గోడమేకు వైపు చూశాడు.

తమ్ముణ్ణి కొట్టిన మర్నాడు అమావాస్య. షెడ్డుకు రెండే తాళంచెవులు. ఒకటి తన మొలతాడుకుంది. తమ్ముడి దగ్గరుండే రెండోది అమావాస్య వెళ్ళిన పొద్దున టీకొట్టు సుబ్బులు తెచ్చిచ్చింది. "మీ తమ్ముడు ఇమ్మన్నాడు" అంది. పొగరు చూడు, మొహం చూపించలేదు అనుకుని భూషణం దాన్ని మేకుకు తగిలించాడు. ఇప్పటికీ అక్కడే ఉంది.

మేస్త్రి స్టూలు దిగాడు. మోకాళ్ళమీద కూర్చున్నాడు. ఎస్తేరు వద్దన్నా వినకుండా గడ్డపార ఆనించి, వెనక కుడికాలును రవ్వంత లేపమని ఆమె సహాయకులకు చెప్పి, టార్చి పట్టుకుని చెయ్యి లోపలికి పోనిచ్చాడు. నూనెడబ్బా రేకు లేదు. చేతికి ఒక ఇత్తడి పలక తగిలింది. బయటికి తీశాడు.

అరచేతిలో సగం ఉంది. రెండు ముఖాలూ అద్దంలా ఆకురాయి పట్టి ఉన్నాయి. నాలుగు మూలలూ గుండ్రంగా నునుపు చేసి ఉన్నాయి. ఎవరికీ కనబడని చోట, మిషన్ కాలు కింద ముప్ఫై ఏళ్ళు పడి ఉండబోయే ముక్కకు కూడా మూలలు గుండ్రం చేసేవాడు ఆటోనగర్ మొత్తంలో ఒక్కడే. మూల చురుగ్గా వదిలితే విరూపాక్షానికి అన్నం సయించేది కాదు.

మేస్త్రి ఏడ్చాడు. నేలమీద కూర్చుని, ఆ ముక్కను ఒళ్ళో పెట్టుకుని, ముసలివాళ్ళు ఏడ్చినట్టు చప్పుడు లేకుండా చాలాసేపు ఏడ్చాడు. ఎస్తేరు పక్కన కూర్చుంది.

"ముట్టుకోకు అన్నానమ్మా" అన్నాడు చివరికి. "నా మాట మీద జన్మలో మళ్ళీ ముట్టుకోలేదు. అన్నాక ముట్టుకున్నది ఆ ఒక్కసారే. అదీ నా పేరు పోకూడదని."

"మీకు చెప్పి ఉండొచ్చు కదా?"

"చెప్పాడు. షాఫ్టు తిప్పేటప్పుడే చెప్పాడు. నేనే వినలేదు." కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "వాడు మిషన్‌ని ఆ మెలికతోనే వదిలేసుంటే నా చేతిలోనూ షాఫ్టు చెడేది. నాకు తెలిసొచ్చేది. ఆ సాయంత్రానికే వాడింటికి పరిగెత్తేవాణ్ణి. బాగుచేసి పోయాడు. దాంతో వాడే తప్పని నాకు రుజువైపోయింది."

ఇత్తడి పలకను తుడిచి, ఉన్నచోటే మళ్ళీ పెట్టించాడు. దానికంటే మంచిది తన దగ్గర లేదన్నాడు.

పదిరోజుల్లో కొత్త మోటారు బిగింపు పూర్తయింది. పరీక్షకు మూడడుగుల కడ్డీ ఎక్కించారు. మీట నొక్కితే కడ్డీని పట్టుకున్న చక్ మెల్లగా కదిలి వేగమందుకుంది. టూల్ కింద ఇనుము ఒకే పొడవాటి రింగుల తీగై రాలింది. అరిగినచోట, వంగినచోట టూల్ తనంతట తాను రవ్వంత జరుగుతూ పోయింది. మేస్త్రి మైక్రోమీటరుతో ఈ చివర కొలిచాడు, ఆ చివర కొలిచాడు. వెంట్రుకలో వందోవంతు తేడా లేదు. చెయ్యి వణికినా, కన్ను మసకబారినా, ఇక ఈ లేత్ మీద ఎవరి తప్పూ మిగలదు. సహాయకులు చప్పట్లు కొట్టారు. మేస్త్రి కొలిచిన చోటే మళ్ళీ కొలుస్తూ నిలబడ్డాడు.

ఎస్తేరు సర్టిఫికెట్ నింపుతోంది. "మిషన్ చరిత్రలో ఒక పొరపాటు రాయాలి మేస్త్రిగారూ. బిగింపులో లోపం, పదిహేడు రోజులు. ఎవరివల్ల అని తెర అడుగుతోంది."

"నా పేరు రాయండి."

ఆయన వేలిముద్ర తీసుకుంది తెర. కింద ఇంకో గడి వచ్చింది. సరిదిద్దినవారు.

"విరూపాక్షాచారి" అన్నాడు మేస్త్రి. ఆ పేరు షెడ్డులో పైకి పలికి ముప్ఫయ్యొక్క ఏళ్ళైంది.

ఎస్తేరు టైపు చేసింది. తెర ఒప్పుకోలేదు. ఆమె మళ్ళీ ప్రయత్నించింది, ఇంకో దారిలో ప్రయత్నించింది. తరవాత తలెత్తకుండా చెప్పింది. "వేలిముద్ర లేకపోతే పేరు ఎక్కదండీ. 'తెలియదు' అని మాత్రమే పెట్టుకుంటుంది."

పదకొండు వేల రోజుల కిందటి అమావాస్యను గుర్తుపట్టిన యంత్రం అది.

మేస్త్రి మూల బీరువాలోంచి తండ్రి నాటి చెక్కపెట్టె తీశాడు. అందులో ఇనుము మీద అచ్చుకొట్టే ఇంగ్లీషు అక్షరాల పంచ్‌లు వరసగా ఉన్నాయి. బెడ్ చివర, టూల్ పోని చోట, సుద్దతో ఒక గీత గీసి మొదటి పంచ్ ఆనించాడు. సుత్తి అందుకున్నాడు.

"వద్దు మేస్త్రిగారూ" అంది ఎస్తేరు. "దెబ్బ పడితే ఇనుములో కొత్త గుర్తులొస్తాయి. మళ్ళీ మొదటి నుంచీ చదవాల్సొస్తుంది."

"చదవనివ్వమ్మా. ఈసారి వాడి పేరుతో కలిపి చదువుతుంది."

ఎస్తేరు సర్టిఫికెట్ మూసేసి, మళ్ళీ చదవడానికి రీడర్‌ను పెట్టెలోంచి బయటికి తీసింది. మేస్త్రి విరూపాక్షం అని పదకొండు ఇంగ్లీషు అక్షరాలు కొట్టాడు. తరవాత సన్న ఆకురాయి తీసుకుని, కొట్టినచోట లేచిన అంచులు చేతికి తగలకుండా నునుపు చేస్తూ కూర్చున్నాడు.