పదిహేను కిలోల విమానం

"ఇంత సస్తా ఎట్ల?"

గంగారాం వరస గదుల ఆ చాల్ మూడో అంతస్తు ఎక్కి, తడిసిన గొడుగును గుమ్మం పక్కన ఆనించి, ఇంకా ఊపిరి తీసుకోకముందే రత్న అడిగిన ప్రశ్న అది. లోపలికి రమ్మనలేదు, కూర్చోమనలేదు. కామాఠిపురాలో జూన్ వాన ఆ రోజే మొదలైంది. అతని చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. చేతిలో ఉన్న ప్లాస్టిక్ సంచిలోని కాగితాలు మాత్రం పొడిగా ఉన్నాయి. తను తడిసి కాగితాలు తడవకుండా తెచ్చాడంటే అందులో ఏదో మతలబు ఉందనుకుంది రత్న.

రత్నకు అనుమానం ఉగ్గుపాలతోనే వచ్చిందంటుంది వాళ్ళమ్మ లక్ష్మవ్వ. పూర్తి పేరు రత్నాబాయి. మునిసిపాలిటీ తెలుగు బడిలో బాలవాడి టీచరు. పలక ఎవరు పగలగొట్టారో పిల్లల ముఖం చూసి చెప్పేస్తుంది. పాలవాడు పోసిన పాలలో వేలు ముంచి, గోరు మీద చుక్క నిలుస్తుందో లేదో చూసుకుని గానీ గిన్నె లోపలికి తీసుకెళ్ళదు.

అయితే ఈసారి ఆమె అనుమానానికి కారణం లేకపోలేదు. రెండేళ్ళ కిందట ఎవడో ఏజెంటు ఈ చాల్‌లోనే పదకొండు మంది పాస్‌పోర్టులు పట్టుకుపోయి మళ్ళీ ముఖం చూపించలేదు. అందులో ఒకటి రత్న తండ్రి దుర్గయ్యది. కొత్త పాస్‌పోర్టు చేతికొచ్చేసరికి ఆయన చెప్పులరిగిపోయాయి. ఇప్పుడు షార్జాలో తాపీమేస్త్రీ పని కుదిరింది, వీసా వచ్చింది. నెలాఖరులోగా అక్కడ దిగకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. పెద్ద విమానంలో వెళ్ళాలంటే లక్ష్మవ్వ చెవి కమ్మలు అమ్మాలి. వర్లిలో ఉంటూ నాగ్‌పాడాలో ట్రావెల్ ఆఫీసు గుమాస్తాగా చేసే ఈ గంగారాం చెప్పే కొత్త కంపెనీ విమానంలో అయితే టికెట్ సగం ధరే.

ఆ సగమే రత్న గొంతులో చేపముల్లులా గుచ్చుకుంది.

"ఎట్లంటే, వాళ్ళు తిండి పెట్టరు టీచరమ్మా," అన్నాడు గంగారాం. "సీట్లు దగ్గర దగ్గరుంటయి, మోకాళ్ళు ముందటోని ఈపుకు తగుల్తయి. నడుమ ఒకకాడ దిగి ఇంకింత మందిని ఎక్కించుకుంటది. వారానికి ఒక్కటే, గురువారం. సామాన్ పదిహేను కిలోలే. మీద ఒక్క కిలో ఎక్కువైనా పైసలు గుంజుతరు."

"గంతేనా?"

"గంతే."

"రెక్కలు రెండూ ఉంటయా, అండ్ల గూడ ఒకటి తక్కువ చేసిండ్రా?"

"రెండుంటయి. నేను లెక్కపెట్టిన," అన్నాడతను. ముఖంలో నవ్వు లేదు, కళ్ళలో మాత్రం ఉంది. అది తను చూసినందుకు రత్నకు తన మీద తనకే కోపమొచ్చింది.

మంచం మీద కూర్చున్న దుర్గయ్య బీడీ పక్కన పెట్టాడు. "పిలిచి పిల్లనిస్తమంటే కులం తక్కువన్నడట ఎన్కటొకడు. గట్లున్నది నీ ఎవ్వారం బిడ్డా. సస్తాగ దొరుకుతుంటే గన్ని వంకలా?"

"గట్ల చెప్పు మామా," అన్నాడు గంగారాం.

రత్న చెవులు నిక్కబొడుచుకున్నాయి. చాల్‌లో చిన్నా పెద్దా అంతా దుర్గయ్యను కాక అని పిలుస్తారు. పరిచయమై పావుగంట కాకముందే ఈయన మామ ఎందుకంటున్నట్టు? కాక అంటే చిన్నాన్న, అప్పుడు రత్న చెల్లెలవుతుంది. మామ అంటే ఏమవుతుందో ఆమెకు తెలియనిది కాదు. వర్లి కుర్రాళ్ళంతా ఇంతే కాబోలని విసుక్కుంది. అతను మెట్లు దిగి, వానలో ఫోరస్ రోడ్ మలుపు తిరిగేదాకా గ్యాలరీలోంచి చూస్తూ నిలబడింది. చూసింది అనుమానంతోనే.

టికెట్ కొన్నారు. బుధవారం నాడు గంగారాం మళ్ళీ వచ్చి జాగ్రత్తలు చెప్పాడు. ఒంటి మీద ఉన్నది కాటా మీదికి రాదు కాబట్టి మామను రెండు చొక్కాలు తొడుక్కుని రమ్మన్నాడు. దారికి రొట్టెలు కట్టివ్వమన్నాడు. సంచీని తన ఆఫీసులోని కొక్కెం కాటాకు తగిలించి చూద్దామనీ, కావాలంటే ఆ కాటా ఇక్కడికే తెస్తాననీ అన్నాడు.

"నీ కాటా నీ మాటనే చెప్తది. మేమే తూచుకుంటం," అంది రత్న.

ఆమె సంచీని కింది రద్దీ దుకాణానికి, అంటే చిత్తుకాగితాల కొట్టుకు, మోయించింది. పాత కాగితాలు, డబ్బాలు కొనే బాలనర్సయ్య వాళ్ళ పాలమూరు మనిషే. చిన్నప్పుడు ఆమెను చంకనేసుకుని తిప్పినవాడు. ఈ లోకంలో రత్న అనుమానించనివాళ్ళు ముగ్గురో నలుగురో ఉంటే, అందులో ఆయనొకడు. తక్కెడలో ఒక పక్క సంచీ, ఇంకో పక్క అయిదేసి కిలోల రాళ్ళు మూడు పెట్టారు. ముల్లు మధ్యలో నిలిచింది. పదిహేనుకు పదిహేను. దుర్గయ్య తాపీ, గుండు, రసమట్టం, బట్టలు, లక్ష్మవ్వ మే నెలలో పెట్టిన మామిడికాయ తొక్కు మూడు కిలోలు, అన్నీ సరిపోయాయి. రత్న గర్వంగా జిప్పు లాగింది.

మరునాడు విమానాశ్రయంలో కౌంటరు ముందు మిషన్ మీద సంచీ పెడితే ముల్లు పదిహేను దాటి, పదహారు దాటి, పద్దెనిమిది మీద ఇంకో రెండు వందల గ్రాముల దగ్గర ఆగింది.

రెండు చొక్కాల్లో దుర్గయ్యకు చెమటలు పోశాయి. అదనపు కిలోలకు కౌంటరు మనిషి చెప్పిన డబ్బు వింటే లక్ష్మవ్వ చేతులు వాటంతటవే చెవుల మీదికి పోయాయి. ఇన్ని తంటాలూ పడి దాచుకున్న కమ్మలు ఇక్కడే పోయేట్టున్నాయి. సాగనంపడానికి వెంట వచ్చిన గంగారాం వైపు రత్న సర్రున తిరిగింది.

"టికెట్‌ల తక్కువ తీసుకొని, ఈడ గుంజుతున్నరా? ఆ మిషన్ల నీకు వాటా ఎంత?"

గంగారాం నొచ్చుకున్నట్టే కనిపించాడు, కానీ గొంతు పెంచలేదు. "యాడ తూచిండ్రు?"

"బాలనర్సయ్య కాక దుక్నంల. పదిహేను బరాబరున్నది."

అతను ఒక క్షణం ఆమెను చూసి, మొదటిసారి పైకే నవ్వేశాడు. "వాడు రద్దీ కొనేటోడు టీచరమ్మా. వాని అయిదు కిలోల రాయి ఆరుంటది, లేకుంటే వానికేం మిగుల్తది? రద్దీ తూచే రాయితోని నువ్వు విమానం తూస్తివి."

రత్నకు తల తీసేసినట్టయింది. ఇన్నేళ్ళుగా తమ ఇంటి పాత పేపర్లన్నీ ఆ రాళ్ళకే పోశారు. లోకాన్నంతా అనుమానించి, అనుమానించవలసిన ఒక్క మనిషినీ వదిలేసింది.

దుర్గయ్య గచ్చు మీదే గొంతుకూర్చుని సంచీ విప్పాడు. తాపీ, గుండు తీసెయ్యమని లక్ష్మవ్వ బతిమాలింది, అక్కడ ఇస్తారు కదా అంది. తన పనిముట్టు లేకుండా ఇరవై ఏళ్ళలో ఒక్క గోడకూ చెయ్యి పెట్టలేదన్నాడాయన. తొక్కు డబ్బా బయటికి తీశాడు. ముల్లు సరిగ్గా పదిహేనుకు దిగింది. రెండేళ్ళు చప్పిడి కూడు తింటాడా అని లక్ష్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అత్తా, ఆ డబ్బా నాకియ్యి. మామకు నేను పంపుత," అన్నాడు గంగారాం.

ఎట్లా పంపుతాడో అడగడానికి రత్నకు ఆ రోజు నోరు రాలేదు. మరునాటికి వచ్చింది.

తర్వాతి గురువారం అతను ఆ దారిన వెళ్తూ, మామ క్షేమంగా దిగాడని ఆఫీసుకు కబురొచ్చిందని చెప్పాడు. తొక్కు పోయిందా అని రత్న అడిగితే, "పోతున్నది," అన్నాడు. ఆ మీది గురువారమూ అదే మాట. పోయింది అనడు, పోలేదు అనడు. పోతున్నది అంటే ఏమిటి, అదేమైనా గూడ్సు బండా? అడుగుదామనుకుంటుంది. అతను గొడుగు దులుపుతూ పిల్లల సంగతి, పలకల సంగతి అడిగితే తనకు తెలియకుండానే పది నిమిషాలు మాట్లాడేస్తుంది. అతను వెళ్ళాక, తన నోరు కట్టెయ్యడానికే ఈ కబుర్లన్నీ అనుకుంటుంది. గురువారం మధ్యాహ్నం బడి నుంచి త్వరగా వచ్చి జడ మళ్ళీ అల్లుకోవడం దేనికో మాత్రం తనను తాను అడగలేదు.

ఏడో గురువారం అతను రాలేదు. ఆదివారం నాడు రత్న బస్సెక్కి వర్లి వెళ్ళింది.

గంగారాం ఇంట్లో లేడు. తల్లి మల్లవ్వ తలుపు తీసి, కామాఠిపురా టీచరమ్మ అనగానే ఎన్నాళ్ళ నుంచో ఎరిగినట్టు చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెట్టింది. అది కూడా రత్నకు అనుమానంగానే తోచింది. అంతలో కిటికీ గట్టు మీద, కడిగి బోర్లించిన డబ్బా కనబడింది. మూత మీద లక్ష్మవ్వ కట్టిన ఎర్ర గుడ్డ పీలిక ఇంకా ఉంది.

రత్న చూపు ఎటు పోయిందో మల్లవ్వ గమనించింది. "మీ అవ్వ పెట్టిన తొక్కేనట గదా బిడ్డా. మా పోరడు డబ్బాల ఉడుకుడుకు బువ్వ కలుపుకొని తిన్నడు. ఏమన్న కమ్మగున్నదా అని వారం చెప్పిండు," అంది నిష్కల్మషంగా.

రత్న లేచింది. టీ వద్దంది. మెట్ల మలుపులో గంగారాం ఎదురయ్యాడు, సైకిల్ చేత్తో పట్టుకుని, వానలో నిలువునా తడిసి. ఆమెను చూడగానే అతని ముఖం వెలిగింది. ఆ వెలుగు ఆమెకు ఇంకా కోపం తెప్పించింది.

"మూడు కిలోలూ తిన్నవా?"

అతను మెల్లగా సైకిల్‌ను గోడకు ఆనించాడు. "ఒక్కొక్కనికి పదిహేను కిలోలేనాయె. మూడు కిలోలు ఎవలు మోస్తరు? గురువారానికి ఒక మనిషి చొప్పున ఆరుగురికి అర్ధ కిలో అర్ధ కిలో కట్టిచ్చిన. ఆరో గురువారంతోని అయిపోయింది."

"మరి ముందుగాల చెప్పకపోతివి?"

"చెప్తే నమ్ముతుంటివా? మీ నాయననే చెప్పనీ అనుకున్న."

రత్న వానలోకి దిగింది. బస్సులో కూర్చున్నాక కళ్ళు మండాయి. తొక్కు పోయినందుకు కాదు. అందరి లాంటివాడు కాకూడదని అతని గురించి తను ఎంతగా కోరుకుందో అప్పుడు తెలిసింది. అయినా అతని మాట నమ్మబుద్ధి కాలేదు. పాస్‌పోర్టులు పట్టుకుపోయిన ఆ ఏజెంటు కూడా ఇంత నెమ్మదిగానే మాట్లాడేవాడు.

పది రోజుల తర్వాత షార్జా నుంచి సెలవు మీద వచ్చిన ముత్తయ్య ఒక క్యాసెట్ తెచ్చిచ్చాడు. దుర్గయ్యకు ఉత్తరం రాయడం రాదు, మాటలు పంపాడు. పక్క గది నర్సమ్మ టేప్ రికార్డర్ తెచ్చి గ్యాలరీలో పెడితే, అంతస్తంతా చుట్టూ చేరింది. కాసేపు గరగరలాడి దుర్గయ్య గొంతు వచ్చింది. ముందు లక్ష్మవ్వ మోకాళ్ళ నొప్పులు అడిగాడు. ఎండ సంగతి చెప్పాడు. విమానంలో తన మోకాళ్ళు ఎవరి వీపుకో తగిలి, దిగేదాకా ఆయనతో కొట్లాట అయిందన్నాడు.

"తొక్కు ముట్టింది," అంది క్యాసెట్.

రత్న గ్యాలరీ కమ్మీ గట్టిగా పట్టుకుంది.

"ఆరు పొట్లాలు, ఆరుగురు తెచ్చిండ్రు. లచ్చయ్య తెచ్చింది కారి ఆయన అంగీ ఖరాబైంది, ఇంకా తిడుతుండు. నా బిడ్డ సంగతి నాకెర్కే గదా, అందుకే అన్నీ కంపెనీ స్టోరుల కాటా మీద పెట్టి తూచిన. ఇది రద్దీ కాటా కాదు. రెండు కిలోల తొమ్మిది నూర్లున్నది. నూరు గ్రాములు తక్కువ. అది డబ్బాకు అంటుకొని ఉంటది. ఆ పిలగాడు అండ్ల బువ్వ కలుపుకొని తినుంటడు. తిననీ రత్నా, ఏమనకు. లక్ష్మీ, నువ్వొకసారి వర్లి పోయిరా. మనం పిలిచి పిల్లనిస్తమంటే వాళ్ళేమంటరో అడుగు. పిల్లను అడిగినంకనే పో."

గ్యాలరీ అంతా ఒక్కసారి రత్న వైపు తిరిగింది. ఆమె ఎవరినీ చూడలేదు. టేప్ వెనక్కి తిప్పమని నర్సమ్మను అడిగి, నూరు గ్రాములు అన్న మాట మళ్ళీ విన్నది. మూడోసారి కూడా విన్నది. లక్ష్మవ్వ ఏమంటావని అడిగితే, ఇంట్లో తొక్కు ఇంకా ఎంత మిగిలిందని అడిగింది.

మరునాడు బడి వదలగానే నాగ్‌పాడా వెళ్ళింది. మెట్ల కింద ఇరుకు ఆఫీసులో గంగారాం ఎవరిదో సంచీని కొక్కెం కాటాకు తగిలించి చూస్తున్నాడు. ఆమెను చూసి చెయ్యి దించాడు. ఏ నేరం మోపడానికి వచ్చిందో అన్నట్టు కాచుకుని నిలబడ్డాడు. రత్న టిఫిన్ డబ్బా బల్ల మీద పెట్టింది.

"నాయన క్యాసెట్ పంపిండు. నీ మీద తప్పుగ అనుకున్న," అంది. డబ్బాను అతని వైపు జరిపింది. "ఆదివారం మా అవ్వ మీ ఇంటికొస్తది. మీ అవ్వతోని మాట్లాడనీకె."

"దేని గురించి?" అన్నాడు గంగారాం నెమ్మదిగా, మూడంతస్తులెక్కి ఊపిరి అందని మనిషిలా.

"ఏం, ఇగ అనుమానం నీ వంతా?"

అతను మూత తీశాడు. ఇంట్లో మిగిలిన తొక్కంతా ఊడ్చి కలిపిన అన్నం, ఇంకా వేడిగా ఉంది. గంగారాం ఆ డబ్బాను, కాటా కొక్కేన్ని మార్చి మార్చి చూశాడు. కళ్ళలో ఆ పాత నవ్వు మళ్ళీ వచ్చింది.

"ఎంతున్నది టీచరమ్మా?"

"తూయలే," అంది రత్న.