ఒంటి గొంతు విజిల్

"అయ్యయ్యో, నోట్లో పెట్టుకోకండి!" అని వాచీల అబ్బాయి అరిచేలోపే ఆ అమ్మాయి విజిల్ ఊదేసింది.

రోడ్డు మీద పోతున్న పెద్దాయనెవరో పోలీసులొచ్చారనుకుని సైకిల్ దిగి నిలబడిపోయాడు. ఆమె మాత్రం నింపాదిగా, "ఇది కాదు," అని దాన్ని ట్రేలో పెట్టేసి ఇంకోటి తీసింది.

"ఏమండీ! ఇదేమన్నా పళ్ళ దుకాణమా, ఒక్కోటీ రుచి చూడ్డానికి? అవి పాత పోలీసు విజిళ్ళు. ఎవరెవరు ఎంగిలి చేసినవో ఏమో!"

"అందుకేగా ఇది," అంటూ హ్యాండ్‌బ్యాగులోంచి స్పిరిట్ దూది తీసి చూపించింది. "ల్యాబ్‌లో పనిచేస్తానండీ. పొద్దస్తమానం జనానికి సూదులు గుచ్చి రక్తం తీయడమే నా పని. శుభ్రం సంగతి నాకు చెప్పకండి."

"వాళ్ళకి గుచ్చేటప్పుడైనా అడిగి గుచ్చుతారా?"

"అడిగితే ఎవరు గుచ్చనిస్తారు?"

అతను ట్రేని చప్పున తనవైపు లాక్కున్నాడు.

వాచీలు బాగుచేయడం అతని బతుకుతెరువు. పాత పోలీసు విజిళ్ళు పోగెయ్యడం అతని పిచ్చి. పాతసామాన్ల వాడి దగ్గర దొరికినదల్లా కొని, వేడి సబ్బునీళ్ళలో నానేసి, సన్నటి పుల్లతో సందుల్లో మురికంతా గోకి, అద్దంలా చేసి ట్రేలో పేర్చుకుంటాడు. గొట్టం మీది ముద్ర చూసి ఏ కంపెనీదో, రింగు చూసి ఏ కాలం నాటిదో చెప్పేస్తాడు. ఊదడం మాత్రం ఊదడు. అమ్మడం అసలే అమ్మడు. ఆ విషయంలో ఉత్త మొండిఘటం.

"నేను వెతికేది మా తాతయ్య విజిలండీ," అంది ఆమె. "కానిస్టేబుల్‌గా చేసి రిటైరయ్యాడు. ఇంటికి రంగులేయిస్తూ అటక మీది సామానంతా పాతసామాన్ల వాడికి ఇచ్చేశాను. ఆ డబ్బాల్లో విజిల్ ఉందని చూసుకోలేదు. విజిళ్ళన్నీ మీరే కొంటారని అతను చెప్పాడు."

"పోనీ, కొత్తది కొనిస్తే సరిపోదా?"

ఆమె ముఖంలో నవ్వు మాయమైపోయింది.

"తాతయ్యకి మతిమరుపు జబ్బు. సాయంత్రమైతే చాలు, గుమ్మంలో నిలబడి జేబులు తడుముకుంటాడు. చిన్నప్పుడు నేను వీధి చివర ఆడుకుంటుంటే విజిల్ ఊది పిలిచేవాడు. ఇప్పుడు పిలవడానికి విజిల్ లేదు కాబట్టి పిల్ల ఇంటికి రాలేదని ఏడుస్తాడు. 'నేనే తాతయ్యా, వచ్చేశా' అని ఎదురుగా నిలబడ్డా నమ్మడు. 'నువ్వెవరమ్మా, మా పిల్ల ఇంతే ఉంటుంది' అని చెయ్యి నడుం దగ్గర పెట్టి చూపిస్తాడు."

ఆమె ఏ గడియారాన్నో చూస్తున్నట్టు గోడవైపు తిరిగింది. అతను స్టూలు ముందుకు జరిపాడు.

"గుర్తులేమన్నా చెప్పండి. నంబరుందా? ముద్ర?"

"విజిల్ మీద ముద్రలు ఎవరు చూస్తారండీ? చప్పుడు తెలుసు, అంతే."

"ఆయన ఎలా పట్టుకుని ఊదేవారు?"

"తాతయ్యకి ముందు పళ్ళు లేవు, ఇదిగో, ఇలా... దవడ పళ్ళ మధ్య కరిచిపట్టి," అంటూ పెదవి చివర వేలు పెట్టి చూపించింది. అతను వేలినే చూద్దామనుకున్నాడు పాపం. చూపు పెదవి దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు ఆగిపోయింది. గబుక్కున ట్రే మీదికి వంగిపోయాడు.

ఒక విజిల్ తీశాడు. నోట్లో పెట్టుకునే చోట ఒక పక్కే పంటి గాట్లు, అరిగి నొక్కుకుపోయి ఉన్నాయి. "ఇదే!" అన్నాడు.

ఆమె ప్రాణం లేచొచ్చినట్టు అందుకుని, తుడిచి, ఊదింది. వెంటనే డీలా పడిపోయింది. "కాదండీ. ఇది గోల పెడుతోంది. తాతయ్యది మెత్తగా ఉండేది."

"పోలీసు విజిల్ మెత్తగా ఎందుకుంటుందండీ? లోపల రెండు గొట్టాలుంటాయి, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. రెండు గొంతులూ కలిసి అరిస్తేనే అంత దూరం వినిపించేది. చిన్నప్పటి సంగతి కదా, మీరే పొరబడుంటారు."

"మా తాతయ్య పిలుపు నాకు తెలీదంటారా?" చివాల్న లేచి నిలబడింది. "గొట్టాలూ ముద్రలూ తప్ప మీకేమీ పట్టవు!"

ఆ మాట అతనికి సూదికంటే గట్టిగా గుచ్చుకుంది. "కోప్పడకండి. పదండి, ఆయన్నే అడుగుదాం," అన్నాడు. పొద్దుండగానే కొట్టు మూసి ఎవరి వెంటా వెళ్ళిన మనిషి కాదు. అలాంటిది తాళం వేసేసి బయల్దేరాడు.

దారిలో చినుకులు మొదలయ్యాయి. ఉన్నది ఆమె గొడుగొక్కటే. అతను సగం తడుస్తూ, జేబులో విజిల్ తడవకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని నడుస్తున్నాడు.

"జలుబు చేసేది మనిషికండీ, విజిల్‌కి కాదు," అని ఆమె గొడుగు అతనివైపు వంచింది. ఇంకా కోపంగానే ఉంది. అయినా వంచింది.

తాతయ్య అప్పటికే గుమ్మంలో నిలబడి జేబులు తడుముకుంటున్నాడు. విజిల్ చేతిలో పెట్టగానే బొటనవేలు నేరుగా పంటి గాట్ల మీదికి పోయింది. "నాదే!" అన్నాడు. వాచీల అబ్బాయి చొక్కా కాలరు సర్దుకున్నాడు.

తాతయ్య దవడకి పెట్టి ఉన్న ఓపికంతా కూడదీసుకుని ఊదాడు. విజిల్ కీచుమంది. అంతే, అదిరిపడి దాన్ని రెండు చేతుల్లో దాచేశాడు.

"వద్దు వద్దు. ఇది వింటే పిల్ల జడుసుకుంటుంది!"

"ఎందుకు తాతయ్యా?"

"దాని అమ్మా నాన్నా రోడ్డు ప్రమాదంలో పోయిన రోజున చుట్టూ ఇవే కదమ్మా మోగాయి. అప్పట్నుంచి విజిల్ వినిపిస్తే చాలు, చెవులు మూసుకుని మంచం కింద దూరేది. అందుకని కొవ్వొత్తి కరిగించి ఒక గొంతు మూసేశాను. ఆ మైనం ఎవరు తీసేశారో..."

ఆమె గుమ్మంలోనే కూలబడింది. తను మంచం కింద దూరిన సంగతి ఆమెకు గుర్తే లేదు. విజిలంటే అలా మెత్తగానే మోగుతుందనుకుంటూ పెరిగింది. ఆ భయాన్ని ఆమెకు తెలియకుండానే ఆయన పోగొట్టేశాడు.

వాచీల అబ్బాయికి తల కొట్టేసినట్టయింది.

"నేనే తీశానండీ," అన్నాడు. "మురికనుకున్నాను. మీరు చెప్పిందే నిజం." ఆ మైనం గోకి తీసి, ఎంత బాగా శుభ్రం చేశానో అని మురిసిపోవడం గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

నాలుగూ దులిపేస్తుందనే అనుకున్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుని లేచింది. "ఇంట్లో కొవ్వొత్తుంది, ఉండండి."

ఒక్క గీత పడితేనే విలవిల్లాడే మనిషి, ఆ రోజు కావాలని ఒక పాత విజిల్‌ని పాడుచేయడానికి కూర్చున్నాడు. "ఏ గొట్టం మూయమంటారు?" అని అడిగాడు. "పొట్టిది. కీచుమనేది అదేగా," అంది ఆమె కొవ్వొత్తి వంచుతూ. వేడి మైనం చుక్క అతని వేలి మీద పడింది. అతను కిక్కురుమనలేదు.

"నొప్పి చెప్పని పేషెంట్లంటే నాకు భయమండీ," అని ఆమె ఆ వేలి మీద ఉఫ్‌మని ఊదింది. ప్రేమ ఎప్పుడు పుట్టిందని తర్వాత ఎవరడిగినా అతను ఈ ముక్కే చెబుతాడు.

మైనం ఆరాక ఆమె చిన్నప్పటిలాగే వీధి చివరికి వెళ్ళి నిలబడింది. తాతయ్య ఊదాడు. ఉత్త గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ఊదాడు. ఉన్న ఊపిరంతా ఇందాకే అయిపోయింది. ముసలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"చాలట్లేదురా అబ్బాయ్." పంచె కొంగుతో విజిల్ తుడిచి అతని చేతికిచ్చాడు. "చీకటి పడుతోంది, నువ్వు పిలువు. గట్టిగా కాదు సుమా, జడుసుకుంటుంది."

అన్ని విజిళ్ళుండీ ఒక్కటీ ఊదనివాడు, దాన్ని పెదాలకి పెట్టుకున్నాడు. ఒకే ఒక్క గొంతు, మెత్తగా, వానలో వీధి చివరిదాకా వెళ్ళింది.

ఆమె పరుగెత్తుకొచ్చింది. చెప్పులు చేత పట్టుకుని, నీళ్ళు చిందించుకుంటూ, రొప్పుతూ. "వచ్చేశా తాతయ్యా!"

తాతయ్య చెయ్యి అలవాటుగా నడుం దగ్గరికి పోయింది. అక్కడ తల లేదు. చెయ్యి మెల్లగా పైకి పాకి, భుజం దాటి, తడిసిన జుట్టు మీద ఆగింది.

"వచ్చావా తల్లీ. ఎంత పెద్దదానివైపోయావే!"

ఆమె బావురుమని ఆయన్ని వాటేసుకుంది. వాచీల అబ్బాయి మొహం వానకేసి తిప్పుకున్నాడు. అతనికీ ఏడుపొచ్చింది.

కాసేపయ్యాక తాతయ్య, "అబ్బాయ్, అది నీ దగ్గరే ఉంచు," అన్నాడు. "నాకింక ఊపిరి లేదు. పిల్లని రోజూ చీకటి పడకముందే ఇంటికి పిలవాలి. పిలుస్తావా?"

"పిలుస్తాను తాతగారూ." అని, ఆమెకేసి తిరిగాడు. "మిమ్మల్నీ అడగాలి కదా. పిలిస్తే వస్తారా?"

ఆమె ముఖం మీది తడి తుడుచుకుంది. అందులో వానెంతో కన్నీళ్ళెంతో.

"మెత్తగా పిలిస్తే వస్తాను," అంది.