పెట్టెలో తగ్గిన ఎముక

"ఆ దొంగచూపులు ఆపి, ముందు ఎముక బయటికి తియ్!"

రీడింగ్ రూములో తలలన్నీ లేచాయి. ఎదురుగా కూర్చున్న కుర్రాడు ఉలిక్కిపడి పెన్ను జారవిడిచాడు. క్లాసులో అతన్ని అందరూ ర్యాంకర్ అంటారు, కేకేసిన అమ్మాయిని పుస్తకాల పురుగు అంటారు. మెడిసిన్ మొదటి సంవత్సరం పరీక్షలకు చదువుకోమని మేడమ్ ఇద్దరికీ కలిపి ఒకే ఎముకల పెట్టె ఇచ్చారు. ప్లాస్టిక్‌వే అయినా సాయంత్రానికి అన్నీ సరిగ్గా అప్పగించాలి. ఒక్కటి తగ్గినా రేపటి ప్రాక్టికల్‌కు రానివ్వరు.

ఇప్పుడు భుజం దగ్గరుండే క్లావికల్ కనబడడం లేదు.

"నేను తియ్యలేదు," అన్నాడతను. చూపు మాత్రం ఆమె కళ్ళ మీద లేదు, తల మీదుగా ఎక్కడికో పోయింది.

అబద్ధాలాడేవాళ్ళే అలా చూస్తారని ఆమెకు గట్టి నమ్మకం. పొద్దున్నుంచీ ఇదే వరస. ఆమె పుస్తకంలో తల దూర్చగానే చూడడం, తలెత్తగానే గోడ వైపు తిరగడం, నవ్వాపుకోవడం. నిద్ర మానేసి చదివే మనిషికి అనుమానం పుట్టడానికి అంతకంటే ఏం కావాలి? నిన్న అమ్మ ఫోన్ చేసి ఏం తిన్నావని అడిగితే కండరాల పేర్లు వరసగా అప్పజెప్పింది. చదివిన పేజీనే మళ్ళీ మళ్ళీ చదువుతున్న సంగతి ఆమెకే తెలియదు.

"నన్ను వెనక్కి నెట్టాలనేగా నీ ప్లాను?"

"నాకూ ప్రాక్టికల్ ఉంది తల్లీ! ఎముక పోతే నన్ను మాత్రం రానిస్తారా?"

ఆ మాట సబబుగానే ఉంది. అందుకే ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది. "మేడమ్‌తోనే చెప్తా," అంటూ విసురుగా లేచింది.

"ఆగు, అలా మాత్రం వెళ్ళకు."

"ఎలా?"

అతను తన తల వెనక వేలితో తట్టి చూపించాడు.

ఆమె చెయ్యి ముడి మీదికి పోయింది. పొద్దున జుట్టు మొహం మీద పడుతోందని చేతికందినదేదో ముడిలో దోపుకుంది. పెన్సిలనుకుంది. లాగితే జుట్టు భుజాల మీదికి జారింది, చేతిలోకి వంకర ఎముక వచ్చింది.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆమెకు నవ్వు రాలేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పొద్దున్నే చెప్పొచ్చుగా!"

"నోరు తెరిచినప్పుడల్లా డిస్టర్బ్ చెయ్యకన్నావు. తర్వాత... బాగుందని ఊరుకున్నా. ఎముక కాదు, నువ్వు."

"ఇదేం కొత్త ఎత్తు?"

"ఎత్తూ లేదు, గిత్తూ లేదు. కాసేపు పడుకో, లేపుతా."

"నేను పడుకుంటే నువ్వు చదివేసుకుందామనా?"

అతను తన పుస్తకం మూసి ఆమె ముందుకు తోశాడు. "తలకింద పెట్టుకో."

ర్యాంకర్ పుస్తకం వదలడం క్లాసులో ఎవరూ చూడలేదు. ఒక కన్ను తెరిచే ఉంచుదామనుకుంది గానీ, తల ఆనించగానే నిద్ర ముంచుకొచ్చింది.

లేచేసరికి కిటికీలో ఎండ వాలుతోంది. అతను ఖాళీ చేతులతో అక్కడే ఉన్నాడు.

"ఇంతసేపూ ఏం చేశావు?"

"పొద్దున చేసిందే."

ఆమె అతని మొహంలోకి అనుమానంగా చూసింది. ఈసారి అతను గోడ వైపు తిరగలేదు. చివరికి ఆమే తల దించుకుని పెట్టెలో ఎముకలు సర్దింది, క్లావికల్ అన్నింటికంటే పైన పెట్టింది.

"రేపు పరీక్షయ్యాక కూడా చూడు," అంది మెల్లిగా. "కేకలెయ్యనులే."