నాలుగు వందల పన్నెండో రోజు

"నా ఉద్యోగం ఊడేలా ఉందండీ," అంటూ వచ్చిన కంప్యూటర్ ఇంజనీరు కుర్చీలో కూలబడింది. ఆసుపత్రి ల్యాబులో నాలుగు వేలమంది రిపోర్టులు ఆదివారం రాత్రి దొంగలపాలయ్యాయి. నింద ఆమె మీద పడింది.

డిటెక్టివ్ అత్తయ్య కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుంది. వారంలో ఇది మూడో కేసు. నోట్సు రాసే మేనకోడలికి మాత్రం అత్తయ్య ఎంత అలసిపోతే బుర్ర అంత చురుగ్గా నడుస్తుందని గట్టి నమ్మకం.

"పాత కెర్నెల్‌లో దొంగలు దూరే కన్నముంది," అంది ఇంజనీరు. "అంటే సిస్టమ్ గుండెకాయలోనే. శనివారం కొత్తది ఎక్కించాను. ఆదివారం పొద్దున్నే రిపోర్టులుండే మెషీన్ దానంతటదే ఆగి లేవాలని టైము పెట్టాను. ఎవరో తీసేశారు."

"ఆగి లేవకపోతే?"

"నడిచేది పాతదే. తాళం కొని జేబులో వేసుకున్నట్టు."

"పాస్‌వర్డు ఎవరెవరికి తెలుసు?"

"నాకు, మేనేజరుగారికి, ల్యాబు డాక్టరుగారికి."

వాళ్ళు వెళ్ళేసరికి ల్యాబు గోడమీద పెద్ద బోర్డు: 'ఆగకుండా 412 రోజులు'. కింద రిజిస్టరులో రోజుకో అంకె, అన్నీ మేనేజరు దస్తూరీయే. మెషీన్ ఆగిన రోజు సున్నా వేయాలని మొదటి పేజీలో ఆయనే రాసుకున్నాడు.

"ఆదివారం ఆపొద్దని గొడవపడింది నేనే," ఒప్పుకున్నాడు డాక్టరు. "ఆరోజు పొద్దున తలుపు తీసిందీ నేనే. రిజిస్టరులో ఆదివారం తేదీ ఎదురుగా 412 కనబడింది. ఆగలేదన్నమాట, బతికిపోయాం అనుకున్నా."

"నేను శనివారం సాయంత్రమే ఊరెళ్ళాను. సోమవారం వచ్చాకే సంగతి తెలిసింది," అన్నాడు మేనేజరు.

అత్తయ్య అందరినీ బోర్డు ముందు కూర్చోబెట్టింది. తానూ కూర్చుంది, మోకాళ్ళ నొప్పి.

"ఆదివారం మెషీన్ ఆగి ఉంటే అక్కడ సున్నా పడాలి. మేనేజరుగారూ, మీరు ఊరెళ్ళేముందే 412 వేసేశారు. అది ఆగదని మీకు ముందే ఎలా తెలిసింది?"

మేనేజరు తల దించుకున్నాడు. "పోయినసారి మార్చినప్పుడు రెండు రోజులు లేవలేదమ్మా. రిపోర్టుల కోసం వచ్చినవాళ్ళు నా టేబుల్ చుట్టూ నిలబడి ఏడ్చారు. మళ్ళీ ఆ మొహాలు చూడలేక టైము తీసేశాను."

"భయపడటం తప్పు కాదు. టైము తీసేసి ఆ నింద ఈ పిల్ల నెత్తిన రుద్దారే, అదీ తప్పు."

మేనకోడలికి ఒళ్ళు మండింది, జాలీ వేసింది. మేనేజరు కాగితం తీసుకుని జరిగింది రాసి సంతకం పెట్టాడు. ఇంజనీరు ఉద్యోగం నిలిచింది.

"ఈసారీ లేవకపోతే ఏం చేసేదానివమ్మా?" అడిగాడు మేనేజరు నీరసంగా.

"పాత కెర్నెల్ పక్కనే ఉంచానండీ. పది నిమిషాల్లో దాంతోనే లేపేసేదాన్ని."

"ఆ ముక్క నాకు చెప్పాల్సింది కదా!"

"మూడుసార్లు చెప్పబోయాను సార్. మూడుసార్లూ మీరు బోర్డు చూపించారు."

మేనేజరు లేచి, చొక్కా చేతితోనే అంకె తుడిచి సున్నా వేశాడు. ఆ నాలుగు వేలమందికీ కబురు చెయ్యడానికి ఫోను అందుకున్నాడు.